మందుల షాపులో ఫార్మసిస్టు ఉండాలి, నోరు విప్పి చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

షుగర్, బీపీ ఉన్నవాళ్లు డాక్టరు దగ్గరికి మూడు నెలలకోసారి వెళ్తారు, కొందరు ఆరు నెలలకోసారి, ఒంట్లో బాగానే ఉందనిపిస్తే అదీ లేదు. మందుల షాపుకి మాత్రం నెలనెలా వెళ్తారు. అక్కడ చదువుకున్న ఫార్మసిస్టు ఉన్నాడా, ఉంటే పేషెంటుకి నాలుగు మాటలు చెప్తున్నాడా అన్నది ఎవరికీ పట్టడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

చాలా షాపుల్లో గోడకి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఉంటుంది, ఆ సర్టిఫికెట్ తాలూకు మనిషి ఉండడు. కౌంటర్లో ఉండేది ఇంటర్ చదివిన కుర్రాడు. అతని తప్పేం లేదు, చీటీ చూసి మందు చకచకా తీసివ్వడం వరకే అతనికి నేర్పారు. ఈమధ్య మా వీధి చివర షాపుకి పొరుగూరి పెద్దావిడ ఒకామె రెండు ఖాళీ స్ట్రిప్పులు పట్టుకొచ్చి, "ఇవి పదేసి ఇవ్వు బాబూ" అంది. ఒకటి పాత డాక్టరు రాసింది, ఇంకొకటి ఆస్పత్రిలో చేరినప్పుడు రాసిందట. కంపెనీలు వేరు, పేర్లు వేరు, వెనక చిన్న అక్షరాల్లో చూస్తే రెండూ బీపీకి వాడే టెల్మిసార్టాన్ 40, అంటే ఒకే మందు రెండుసార్లు. మా ఇంట్లోనూ అదే మందు వాడతాం కాబట్టి గుర్తుపట్టాను. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయని ఆవిడ చెప్తూనే ఉంది, కుర్రాడు కత్తెరతో రెండూ కత్తిరించి కవర్లో వేసిచ్చేశాడు. రెండు స్ట్రిప్పులూ తీసుకెళ్లి ఈరోజే డాక్టరుకి చూపించండమ్మా అని చెప్పాను గానీ, ఆ మాట చెప్పాల్సింది పక్కన నిలబడ్డ నేను కాదు కదా.

చట్టం లేక కాదు. డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెప్తోంది. 2015లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన నిబంధనలైతే మందు ఎలా వేసుకోవాలి, ఎన్నాళ్లు వాడాలి, ఎలా దాచాలి, ఒక డోసు మర్చిపోతే ఏం చెయ్యాలి, ఇవన్నీ పేషెంటుకి ఫార్మసిస్టే చెప్పాలంటున్నాయి. మీలో ఎంతమందికి షాపులో ఎవరైనా ఇవి చెప్పారు?

చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాఫీకి కనీసం అరగంట ముందు వేసుకోవాలి, దాంతోపాటు కాల్షియం మాత్ర మింగకూడదు. షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ వేసుకుని టిఫిన్ మానేస్తే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి ఉపవాసం చేసేవాళ్లు ముందే డాక్టర్ని అడగాలి. ఎస్‌ఆర్ (మందు ఒంట్లోకి మెల్లగా దిగే రకం) అని రాసున్న షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌ని నలిపి వేసుకోకూడదు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టాలి గానీ ఐసు గడ్డకట్టే అరలో కాదు. బీపీ ఉన్నవాళ్లు మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్ సొంతంగా కొనుక్కుని రోజూ మింగేస్తే బీపీ పెరుగుతుంది, కిడ్నీలకీ ముప్పే.

వీటన్నిటికంటే పెద్ద బెడద మందు మధ్యలో ఆపేయడం. దీర్ఘకాలిక జబ్బుల మందులు సరిగ్గా వాడేవాళ్లు సంపన్న దేశాల్లోనే సగటున సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. మన దగ్గర బీపీ నార్మల్‌కి వచ్చింది కదా అని ఆపేస్తారు, ఆ నార్మల్ మందు వల్లే వచ్చిందని చెప్పే నాథుడు లేడు. ఇంకొందరు వంద రూపాయలకి ఎన్నొస్తే అన్ని ఇమ్మంటారు, అవి అయిపోయాక మళ్లీ డబ్బులు చేతికొచ్చేదాకా మందుల్లేవు. అలాంటివాళ్లకి జన ఔషధి షాపులో తక్కువకి దొరుకుతాయని, పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారని చెప్పాలి, షాపు ఓనరుకి నచ్చకపోయినా సరే చెప్పాలి. 2017లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో (తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది) ప్రభుత్వ ఆస్పత్రుల్లో నెలకి సరిపడా మందులిచ్చి, తర్వాతి నెల రానివాళ్లకి ఫోన్ చేసే పద్ధతి పెట్టారు. పాత కస్టమరు పది రోజులు ఆలస్యమైతే ప్రైవేటు షాపువాళ్లూ ఒక ఫోన్ చెయ్యొచ్చు.

ఫార్మసిస్టుల గోడు కూడా వినాలి. షాపులో రోజంతా నిలబడితే వచ్చే జీతం ఇల్లు గడవడానికి చాలకపోతే సర్టిఫికెట్ అద్దెకిచ్చి వేరే పని చూసుకుంటారు. అది తప్పే, కానీ జీతం సంగతి తేల్చకుండా వాళ్లొక్కరినే తిడితే ఏం లాభం? 2008లో వచ్చిన ఫార్మ్ డి అనే ఫార్మసీ డాక్టరేట్ కోర్సులో పిల్లలు ఆరేళ్లు చదివి, అందులో ఏడాది ఆస్పత్రిలో శిక్షణ కూడా పొందుతున్నారు. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో షుగర్, బీపీ ఓపీ పక్కన ఒక కుర్చీ వేసి వీళ్లని కూర్చోబెడితే, మందుల క్యూలో ఊపిరాడని ఫార్మసిస్టు మీద భారం తగ్గుతుంది, పేషెంటుకీ అడిగే దిక్కు ఉంటుంది.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు షాపుకి వెళ్లినప్పుడు లైసెన్సు కాగితంతో సరిపెట్టుకోకుండా ఫార్మసిస్టు మనిషిని చూడాలి. ప్రతి షాపు బయటా ఫార్మసిస్టు పేరు, ఉండే వేళలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, తెనాలి