బావ నోరు

గుంటూరు,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, కోప్పడకు. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. అమ్మ బాగుంది, చిన్నది ఆరో తరగతికొచ్చింది, డాబా మీద పని ఇంకా సాగుతూనే ఉంది. అవన్నీ తర్వాత. ముందు బావ సంగతి చెప్పాలి.

మొన్న ఎండాకాలం అక్కావాళ్ళింట్లో ఆవకాయ పెట్టారు. కలిపిన బేసిన్లోనే వేడన్నం, నెయ్యి వేసి అక్క అందరికీ ముద్దలు పెడుతోంది. బావ చెయ్యి చాపలేదు! పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ పెరుగన్నం తినే మనిషి, ఇరవై ఏళ్ళుగా మిర్చి యార్డులో గుమస్తా. "మండుతోందే, నాకు ఉత్త పెరుగన్నం పెట్టు" అన్నాడు. అక్క మొహం చిన్నబోయింది. ఆర్నెల్లుగా ఇదే వరసట. తన వంట నచ్చట్లేదనుకుంది, పిచ్చిది. సాయంత్రం పిల్లలు బజ్జీలు తెస్తే, ఒకటి తీసుకుని వేళ్ళతో నాలుగు ముక్కలు తుంచుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు. "బావా, ఏదీ నోరు తెరవండి" అన్నా. నవ్వి తప్పించుకోబోయాడు. ఆ నవ్వు కూడా సగమే తెరుచుకుందిరా.

మర్నాడే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. "మీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టండి" అంది. రెండు కూడా పూర్తిగా పట్టలేదు. స్కేలు పెట్టి కొలిస్తే 24 మిల్లీమీటర్లు. చెంప లోపల తెల్లగా పాలిపోయింది, వేలితో నొక్కితే తాడు పేనినట్టు గట్టిగా ఉందట. గుట్కా. పదేళ్ళుగా. మనకెవరికీ తెలీదు.

గుట్కా ఎక్కడ దొరుకుతోంది అనకు. తినే వస్తువుల్లో పొగాకు కలపకూడదని 2011 నుంచీ రూలుంది. అందుకని వక్కపొడి ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం. కొన్నవాడే అరచేతిలో కలుపుకుంటాడు. "నేను సిగరెట్టు ముట్టనుగా, ఊపిరితిత్తులకి ఏం కాదు" అనుకున్నాడట బావ. కొన్నాళ్ళు పొగాకు మానేసి ఒట్టి వక్కపొడే వేసుకున్నాడు, అదేదో మంచిదని. అసలు నోరు బిగిసిపోవడానికి మూలం ఆ వక్కేనట. లోపలి కండ నారలు నారలుగా గట్టిపడిపోతుంది. క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో వక్కని 2004లోనే చేర్చారు. పొగాకు తోడైతే ఇక చెప్పేదేముంది.

ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ ఎనిమిది రోజులు... వద్దులే, అది రాయలేను. అక్క రోజూ తెల్లారుజామునే లేచి ఊరికే వంటింట్లో కూర్చునేది.

క్యాన్సర్ లేదురా! కాగితం చూసి బావ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. కానీ బిగిసినది మొత్తం వెనక్కి రాదట. ఇకముందు కూడా క్యాన్సర్‌గా మారే భయం ఉంటుంది కాబట్టి చూపించుకుంటూనే ఉండాలి. చెంపలోకి ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఇంట్లో ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ళ మధ్య పెట్టుకుని నోరు సాగదీయాలి. మొదటిరోజు పన్నెండు పుల్లలు. పదమూడోది దూర్చేసరికి కళ్ళ వెంట నీళ్ళు. నిన్న పద్నాలుగు! చిన్నాడు గోడ మీద బొగ్గుతో లెక్క రాస్తున్నాడు.

మన ఊరి వాళ్ళకి పొగాకంటే ఏమనిపిస్తుందిరా? మా తాత పొగాకు పండబెట్టే బ్యారన్ వాసన నాకిప్పటికీ ఇష్టమే. మన చదువులకి ఫీజులు కట్టింది ఆ ఆకే. టొబాకో బోర్డు పెద్దాఫీసు 1976 నుంచీ ఇక్కడే ఉందని గర్వంగా చెప్పుకున్నాం. ఇప్పుడా మాట వచ్చినప్పుడల్లా బావ చెంపే గుర్తొస్తోంది.

ఇక నీ సంగతి. మన చిన్నప్పటి ఏడో బెంచీ ఒట్టు, కుంకుడుకాయ ఒట్టు, రెండూ కలిపి అడుగుతున్నా. రోజుకి ఎన్ని సిగరెట్లు కాలుస్తున్నావ్? మానడానికి సాయం చేసేవాళ్ళ నంబరు నీ సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది, 1800-11-2356. బావ చేత నేనే ఫోన్ చేయించాను, ఓపిగ్గా మాట్లాడారు. మానేసిన ఏడాదికే గుండెజబ్బు ముప్పు సగానికి దిగుతుందట. ముందు అద్దం ముందుకెళ్ళి మూడు వేళ్ళు పెట్టుకుని చూడు. నాలిక కింద కూడా చూసుకో, తెల్లమచ్చలుంటే

బావ కింద హారన్ కొడుతున్నాడు, ఇంజెక్షన్‌కి టైమైంది. ఇది దారిలో డబ్బాలో వేసేస్తా. మూడు వేళ్ళు పట్టాయో లేదో వెంటనే రాయి.

నీ
వెంకటేశు