నా స్క్రీన్ తిప్పిపెట్టిన ఆ మనిషికి

తెల్లారిపోతోంది. ఇంకా పడుకోలేదు, కళ్లు మండుతున్నాయి, వాక్యాలు అటూ ఇటూ పోతే సర్దుకోండి. పడుకుని లేచాక రాద్దామంటే ఈ మాటలు ఉంటాయో లేదో అని ఇప్పుడే రాసేస్తున్నా. నా ల్యాప్‌టాప్ స్క్రీన్ నిలువుగా తిరిగింది!

నేను పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. పేజీ నిలువుగా ఉంటుంది, స్క్రీనేమో అడ్డం. అందుకే మడతపెట్టే టచ్ ల్యాప్‌టాప్ కొనుక్కుని, పుస్తకంలా నిలబెట్టి చదువుకుంటున్నా. సర్వీస్ సెంటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని మళ్లీ ఎక్కించి ఇచ్చినప్పటి నుంచి తిరగడం మానేసింది. సెట్టింగ్స్‌లో ఆ ఆప్షనే లేదు. స్క్రీన్‌ని తిప్పడానికి ఉండే ఎక్స్‌రాండర్ కమాండ్ వాడబోతే, ‘డిఫాల్ట్’ అనే అవుట్‌పుట్‌కి (అంటే నా స్క్రీన్‌కి) లెఫ్ట్ రొటేషన్ కుదరదంది. ప్రెస్సుకి వెళ్లాల్సిన ఫైలు, ముంచుకొచ్చిన గడువు, పట్టేసిన మెడ. టెన్షన్‌తో నిద్ర లేదు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఒకటే పాట: గ్రాఫిక్స్‌ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ అప్‌డేట్ చేయండి, లేదంటే అంతా చెరిపేసి మళ్లీ ఎక్కించండి. ఫోన్ పెట్టేయగానే ‘మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు’ అని మెసేజ్. ఎవరికి పరిష్కారమైందండీ?

చివరికి లినక్స్ వాడేవాళ్ల చాట్‌లో అర్ధరాత్రి నా గోడు వెళ్లబోసుకున్నా. ముక్కూమొహం తెలియని ఒకాయన పలికారు. అది చేయండి, ఇది చేయండి అనలేదు. ముందు మెషిన్‌లో ఏ కార్డులున్నాయో చూపే ‘ఎల్ఎస్‌పీసీఐ’ కమాండ్‌కి హైఫన్ కె తగిలించి, వచ్చింది వచ్చినట్టు పంపమన్నారు. పంపాను. గ్రాఫిక్స్ కార్డు కింద ‘కెర్నల్ మాడ్యూల్స్’ అన్న లైన్లో (కెర్నల్ అంటే లినక్స్‌కి గుండెకాయ) ఐ915 అనే ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంది. ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే లైను మాత్రం లేదు. “చూశారా, డ్రైవర్ ఇంట్లోనే ఉంది, పనిలోకి దిగలేదు” అన్నారు. అసలు అవుట్‌పుట్ పేరు ‘డిఫాల్ట్’ అని చూసినప్పుడే ఆయనకి అనుమానం వచ్చిందట. సరైన డ్రైవర్ నడుస్తుంటే అక్కడ ఈడీపీ-1 లాంటి పేరు ఉంటుందట.

మెషిన్ ఆన్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే బూట్ లైను చూస్తే దొరికింది: నోమోడ్‌సెట్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్రీన్ నల్లగా రాకుండా సర్వీస్ సెంటర్ వాళ్లు తగిలించిన మాట, తీయకుండా వదిలేశారు. 2009లో 2.6.29 కెర్నల్ నుంచి ఇంటెల్ చిప్‌ల స్క్రీన్ మోడ్‌ని (రిజల్యూషన్ లాంటివి) కెర్నలే చూసుకోవడం మొదలైంది. వద్దని ఆ ఒక్క మాట చెబితే ఐ915 లోడవదు. ఉత్త ఫ్రేమ్‌బఫర్ (బొమ్మని దాచి చూపే మామూలు మెమరీ) మీద బొమ్మ కనబడుతుంది, తిరగదు.

నాకు చేతులు వణికాయి. ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి మరి. ఆయనకది అర్థమైంది. “ఫైలు ఏదీ మార్చకండి. బూట్ మెనూలో ‘ఇ’ నొక్కి ఆ మాట చెరిపి చూడండి. ఈ ఒక్కసారికే వర్తిస్తుంది, తేడా వస్తే మళ్లీ ఆన్ చేసుకుంటే సరి” అన్నారు. తిరిగింది. ఆ తర్వాతే, బూట్ మెనూని చూపే గ్రబ్ ప్రోగ్రామ్ ఫైలులో ఆ మాట శాశ్వతంగా తీయించి, మార్పు అమలయ్యేలా అప్‌డేట్-గ్రబ్ కమాండ్ నడిపించారు.

అయితే బొమ్మ తిరిగింది, టచ్ తిరగలేదు. పైన వేలు పెడితే పక్కనెక్కడో నొక్కుకుంటోంది. “మిమ్మల్ని చాలా విసిగించేస్తున్నాను” అని టైప్ చేశా. “మీరు కాదండీ, విసిగిస్తున్నది ఆ స్క్రీన్. దాని సంగతి చూద్దాం, కంగారుపడకండి” అని జవాబు. అది చదివి ఏడ్చేశాను. ఇన్నాళ్లూ కంగారుపడకండి అన్నవాళ్లు లేరు మరి.

టచ్‌కి ‘కోఆర్డినేట్ ట్రాన్స్‌ఫర్మేషన్ మ్యాట్రిక్స్’ అని తొమ్మిది అంకెలు ఇవ్వాలి. ఎడమకి తిప్పితే 0 -1 1 1 0 0 0 0 1. ఊరికే కాపీ చేయమనలేదు. కాగితం మీద ఒక మూల చుక్క పెట్టించి, కాగితం తిప్పించి, ఆ చుక్క ఎక్కడికి చేరిందో నా చేతే లెక్క కట్టించారు. పేరు అడిగితే “స్క్రీన్ తిరిగిందిగా, చాలండి” అని వెళ్లిపోయారు. అయ్యా, మీరు ఇది చదివితే, ఫైలు ప్రెస్సుకి వెళ్లింది.

ఇంట్లోవాళ్ల గురించి చెప్పేదేముంది. అక్క తన ల్యాప్‌టాప్ ఇచ్చింది, మా ఆయన పిల్లల్ని చూసుకున్నారు.

అయ్యో, మర్చిపోయా: ఆ చాట్‌కి దారి చూపించిన పాత ఆఫీసు స్నేహితురాలికి థాంక్స్. గడువు ఒక రోజు జరిపిన ఎడిటర్ గారికి కూడా. అసలు ఈ తిప్పడాన్ని, లినక్స్‌లో స్క్రీన్ మీద బొమ్మ చూపే ఎక్స్ విండోలోకి తెచ్చిన రాండర్‌ని (ఎక్స్‌రాండర్ కమాండ్ వాడేది దీన్నే) 2001లోనే ప్రతిపాదించిన జిమ్ గెటిస్, కీత్ పాకార్డ్‌లకీ ఓ దండం.

ఇంకొకరు, అదే చాట్‌లో “ముందు ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి” అన్నారు, పేరు గుర్తులేదు. తీసుకున్నానండీ.