రా ఫైల్లో దాక్కున్న జేపెగ్

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ కదా, నేను పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదని రాస్తున్నా. మా మేనకోడలి పెళ్లికి ఫొటోలు తీసిన స్టూడియో వాళ్లు మేం పట్టుబట్టి అడిగితే రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా దిద్దకుండా దాచినవి, కూడా హార్డ్ డిస్క్‌లో వేసిచ్చారు. ఫొటోలు దిద్దుకునే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే ఫొటో ధగధగా మెరిసింది, రెండు సెకన్లు తిరక్కుండా నా కళ్లముందే పట్టుచీర ఎరుపు వెలిసిపోయి మొహాలన్నీ చప్పబడిపోయాయి. మండపంలో కెమెరా వెనక చూపించినప్పుడు ఎంత బావున్నాయో! మంచివి దాచుకుని పనికిరానివి అంటగట్టారనుకుని స్టూడియోకి వెళ్లి గట్టిగానే అరిచాను.

అక్కడి కుర్రాడు కోప్పడకుండా కెమెరాని నలుపు తెలుపులో పెట్టి, రాలో నన్నే ఒక ఫొటో తీశాడు. వెనక స్క్రీన్ మీద నలుపు తెలుపే. కంప్యూటర్‌లో వేశాక ఒక్క క్షణం అలాగే ఉండి రంగుల్లోకి మారిపోయింది. అప్పుడుగానీ నాకు ఎక్కలేదు.

రా అంటే సెన్సర్ మీద పడ్డ వెలుతురు లెక్కలే, ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఏదో ఒక్కదాని లెక్క మాత్రమే ఉంటుంది. అది నేరుగా చూసేందుకు పనికిరాదు కాబట్టి కెమెరా తనకు నచ్చినట్టు రంగు, కాంట్రాస్ట్ దట్టించి ఒక జేపెగ్, అంటే మనం మామూలుగా చూసే ఫొటో, వండి అదే ఫైల్లో పెట్టేస్తుంది. మనం వెనక చూసేది దాన్నే. లైట్‌రూమ్ కూడా ముందు దాన్నే చూపించి, తర్వాత తన పద్ధతిలో కొత్తగా తయారుచేస్తుంది. 14 బిట్ల రాలో వెలుతురుకి 16,384 మెట్లుంటే జేపెగ్‌లో రంగుకి 256 మాత్రమే. వెలుతురు ఎంత పడిందో కెమెరా చూపించే హిస్టోగ్రామ్ అనే గ్రాఫ్ కూడా మామూలుగా ఈ జేపెగ్‌దే, అందుకే వెలుతురు ఎక్కువై ఎర్రచీర మాడిపోయిందని కెమెరా స్క్రీన్ మిణుకుమిణుకుమంటున్నా రాలో జరీ నిక్షేపంగా ఉండొచ్చు.

కెమెరా రంగులే కావాలంటే నికాన్ వాళ్ల ఎన్‌ఎక్స్ స్టూడియో, కెనాన్ వాళ్ల డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. లోపలి జేపెగ్‌ని ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో బయటికి లాగొచ్చు కూడా, కాకపోతే కొన్ని కెమెరాల్లో అది చిన్న సైజే, ఆల్బమ్‌కి చాలదు.

స్టూడియోల వాళ్లకి ఒక్క మాట: రా ఇచ్చేటప్పుడు పక్కన జేపెగ్‌లు కూడా వేసి, ఇది వండని సరుకని ముందే చెప్పండి. నాలాంటి నోరున్న మేనమామలు చాలామందే ఉన్నారు.

– ఒక పాఠకుడు, తణుకు