ఆ ఫ్లిప్ ఫోను కొనాలా వద్దా

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. అమెరికాలో నువ్వు కొనాలనుకుంటున్న ఆ వాడిన ఫ్లిప్ ఫోనువి పంపిన రెండు ఫోటోలనూ పెద్దవి చేసి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. ఈ వ్యవహారంలో ఒకసారి చేతులు కాల్చుకున్నవాణ్ణి కనుక, తొందరపడి కొనేయమని చెప్పడానికి నోరు రాలేదు.

నీ కోరికను నేను తప్పుపట్టడం లేదు. ఇల్లు చేరాక బొటనవేలితో తెరను తోసుకుంటూ కూర్చోకూడదని, మూత మూయగానే సంభాషణ పూర్తి కావాలని నువ్వు రాసిన వాక్యం చదివి, నిజం చెప్పాలంటే, నాకు కాస్త అసూయ కూడా కలిగింది. అయితే నీ బెంగంతా ఫోనుకున్న తాళం మీదే, అంటే వేరే కంపెనీ సిమ్‌ను ఒప్పుకోని కట్టడి మీదే ఉంది. ఆ ఫోను ఒకే మొబైల్ సేవల కంపెనీకి కట్టుబడి ఉందే, దాన్ని విడిపించుకోవడం ఎలా అని అడిగావు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదటిది, ఆ ఫోనులో నువ్వు మాట్లాడగలవా అన్నది.

తాళం సంగతి కాస్త వివరంగా చెబుతాను. ప్రతి సిమ్ కార్డులోనూ చందాదారుని గుర్తించే ఒక సంఖ్య ఉంటుంది, సాధారణంగా 15 అంకెలు. అందులో మొదటి మూడు దేశాన్నీ, వాటి పక్కనున్న రెండు లేక మూడు అంకెలు కంపెనీనీ తెలుపుతాయి. అమెరికాలో ఏటీ అండ్ టీ సిమ్ అయితే 310410 అనీ, టీ-మొబైల్ సిమ్ అయితే 310260 అనీ మొదలవడం మామూలు. తాళం వేసిన ఫోను తెరుచుకోగానే ఈ అంకెలను చదివి, తనలో రాసి పెట్టుకున్న వాటితో పోల్చుకుని, సరిపోకపోతే కోడ్ చెప్పమని మొండికేస్తుంది. ఆ కోడ్‌ను ఊహించి కొట్టాలని చూడకు. కొన్ని తప్పుల తరువాత ఇక అడగడమే మానేసి శాశ్వతంగా బిగుసుకుపోయే ఫోనులున్నాయి. తాళం తీయించుకోవడం అమెరికాలో నేరమేమీ కాదు. 2014 ఆగస్టు 1న సంతకమైన చట్టం వినియోగదారుడికి ఆ హక్కును తిరిగి ఇచ్చింది. కాని కంపెనీ కోడ్ ఇవ్వాలంటే ఆ ఫోను మీద బాకీ ఉండకూడదు, పోయిందనో దొంగిలించారనో ఫిర్యాదు ఉండకూడదు, చాలాసార్లు నిర్ణీత కాలం వాళ్ళ సేవలోనే వాడి ఉండాలి. మూడో చేయి మారి వచ్చిన ఫోను గురించి ఈ వివరాలు నీకెలా తెలుస్తాయి? అమ్మేవాడికే తెలియకపోవచ్చు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. 2022లో అమెరికాలోని పెద్ద కంపెనీలు మూడూ తమ 3జీని మూసివేశాయి. ఏటీ అండ్ టీ ఫిబ్రవరిలో ఆపింది, టీ-మొబైల్ వేసవిలో మొదలుపెట్టింది, వెరిజాన్ డిసెంబరు 31 వరకు లాగింది. అంతవరకు 4జీ ఫోనులు కూడా చాలావరకు కాల్ వచ్చినప్పుడు చడీచప్పుడు లేకుండా పాత నెట్‌వర్క్‌కు దిగి మాట్లాడేవి. ఇప్పుడు దిగడానికి ఆ మెట్టు లేదు. మాట కూడా 4జీ మీదనే, వోల్టీ రూపంలో వెళ్ళాలి. వోల్టీకి ఫోనులో రేడియో ఉంటే చాలదు, ఆ కంపెనీకి తగిన సాఫ్ట్‌వేర్ అమరిక కూడా ఉండాలి. అందువల్ల ఒక కంపెనీ కోసం తయారైన ఫ్లిప్ ఫోను తాళం తీసిన తరువాత కూడా మరో కంపెనీలో మూగబోవచ్చు. ఏటీ అండ్ టీ అయితే తాను అనుమతించిన నమూనాల జాబితా ఒకటి పెట్టుకుని, అందులో లేని వాటికి మాట సౌకర్యమే ఇవ్వదు.

నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే. తాళం తీసినదని చెప్పి ఒకాయన అమ్మిన ఫోను తీసుకున్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే తీసి ఉంది. నా సిమ్ వేయగానే నాలుగు గీతలూ నిండుగా వచ్చాయి, వాతావరణం కూడా చూపించింది. సంబరంగా నంబరు కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఒక్క గంట కూడా మోగకుండా తెర మళ్ళీ మొదటికి వచ్చింది. పదిసార్లు ప్రయత్నించి ఉంటాను. ఇప్పుడది నా బల్ల మీద గడియారంగా పనిచేస్తోంది. గడియారంగా మంచిదే, వారానికి ఒకసారి చార్జింగ్ పెడితే చాలు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఆ ఫోను ఏ కంపెనీ తాళంతో ఉందో, నువ్వు ఆ కంపెనీ సిమ్‌తోనే వాడుకోవడానికి సిద్ధమైతే తాళం నీకు అడ్డమే కాదు. పైగా తాళం ఉన్నందుకే ధర తగ్గుతుంది. అదే నెట్‌వర్క్ మీద నడిచే చిన్న కంపెనీల సిమ్‌లు కూడా కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. వేసి చూడనిదే నమ్మకు. తరువాత ఎప్పుడో తాళం తీయించి వేరే కంపెనీకి మారతానన్న ఆలోచనతో కొనేటట్టయితే మాత్రం, నేను వద్దనే అంటాను.

ఇంకో మాట. మీ కుటుంబమంతా వాట్సాప్ గుంపులోనే మాట్లాడుకుంటారని నాకు తెలుసు. ఇలాంటి ఫోనుల్లో చాలావాటిని నడిపించే సాఫ్ట్‌వేర్ కైఓఎస్‌కు వాట్సాప్ 2025 ప్రారంభంలో స్వస్తి చెప్పింది. పాత ఫోను అల్మారాలో ఉంచుకుని రోజుకోసారి చూసుకుంటావో, వాళ్ళకు ముందే చెప్పుకుంటావో నీ ఇష్టం. మీ అక్కయ్యకు చెప్పే పని మాత్రం నా మీద పెట్టకు.

ఫోటోలో నాకు కనిపించినవి రెండు. 5 అంకె మీద అచ్చు పూర్తిగా చెరిగిపోయింది, అది పట్టించుకోనక్కరలేదు. రెండోది, మూత తెరిచిన ఫోటోలో ఎడమ కీలు పక్కన వెంట్రుకంత గీత ఉంది. అది నీడే కావచ్చు, పగులూ కావచ్చు. కింది సగం నుంచి పై తెరకూ చెవి దగ్గరి స్పీకరుకూ వెళ్ళే పలుచని పట్టీ తీగ ఆ కీలు గుండానే పోతుంది, మూత తెరిచి మూసిన ప్రతిసారీ అది వంగుతుంది. ఎదుట నిలబడి ఇరవై సార్లు తెరిచి మూయి, ఎక్కడైనా తెర మినుకుమంటే అక్కడితో వదిలేయి. బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి వేలితో తిప్పు. బొంగరంలా తిరిగిందంటే అది ఉబ్బినట్టే. ఆ తరువాత నీ సిమ్ వేసి నాకే ఫోను చెయ్యి, కనీసం రెండు నిమిషాలు మాట్లాడు.

వెళ్ళే ముందు అమ్మేవాడిని స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ నొక్కమని అడుగు. తెర మీద ఆ ఫోను గుర్తింపు సంఖ్య వస్తుంది, అది సిమ్ సంఖ్య కాదు. దాని 15 అంకెల్లో మొదటి 8 మాత్రం నాకు పంపు, మొత్తం ఎవరికీ పంపకు. ఆ ఎనిమిదితో అది ఏ నమూనాయో తేలిపోతుంది, కంపెనీ జాబితాలో ఉందో లేదో నేను చూసి పెడతాను. శనివారం లోపు పంపితే ఆదివారం నువ్వు బేరానికి వెళ్ళేసరికి జవాబు నీ చేతిలో ఉంటుంది.

ఇట్లు,
నీ మిత్రుడు