టేపుతో కొలిచిన దూరం ఒక్కటే చూడకండి సార్

వాణిజ్య గ్యాస్ నిల్వలకు స్థల అనుమతి ఇచ్చే అధికారి గారికి,

నమస్కారం. హోటల్ అయినా, ఆస్పత్రి అయినా, ఫ్యాక్టరీ అయినా పెద్ద ఎల్పీజీ ట్యాంకు పెట్టుకోవాలంటే ఆ ఫైలు చివరికి మీ బల్ల మీదికే రావాలి. అలాంటి ఫైళ్లకు డ్రాయింగులు గీసే పనిలో ఉన్నాను. వాటిలో ఏముంటుందో, ఏముండదో రోజూ చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం.

డ్రాయింగులో తప్పకుండా ఉండేది దూరం. ట్యాంకు నుంచి భవనానికి ఇన్ని మీటర్లు, ప్రహరీకి ఇన్ని మీటర్లు. ట్యాంకు సైజును బట్టి ఆ లెక్క మారుతుంది. ఆ దూరాలు అవసరమే, వాటిని తగ్గించమని నేను అడగడం లేదు. నా బాధల్లా నేల వాలు ఎటుందో ఆ కాగితం మీద కనిపించకపోవడమే. నీరు పల్లమెరుగు అంటారు. లీకైన ఎల్పీజీకీ పల్లం బాగా తెలుసు. ఎల్పీజీలో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులు. ప్రొపేన్ ఆవిరి గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ ఆవిరి దాదాపు రెండు రెట్లు బరువు. అది పైకి లేచి చెదిరిపోదు, నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. ఒక లీటరు ద్రవం బయటపడితే సుమారు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో దాని వాటా 2 శాతం ఉంటే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

అంటే ట్యాంకుకు పదిహేను మీటర్ల దూరంలో ఉన్న గోడ కంటే, నాలుగు మీటర్ల దూరంలో ఉన్న డ్రైనేజీ మూత ఎక్కువ ప్రమాదం కావచ్చు. మురుగు కాలువ, కేబుల్ ట్రెంచ్, సెల్లార్ ర్యాంపు, లిఫ్టు గుంత, నేలకు దగ్గరగా ఉన్న వెంటిలేటర్... ఆవిరి దిగిపోవడానికి ఇన్ని దారులున్నాయి. లీకైంది ఒకచోట, అంటుకునేది ఇంకోచోట. 1966 జనవరి 4న ఫ్రాన్స్‌లోని ఫేజాఁ రిఫైనరీలో జరిగింది ఇదే. ప్రొపేన్ నిల్వచేసిన గోళాకారపు ట్యాంకు అడుగున నీరు వదిలే వాల్వు మంచు కట్టి బిగుసుకుపోయింది, మూయడం కుదరలేదు. ఆవిరి మేఘం పాకుతూ వెళ్లి దూరాన ఉన్న రోడ్డును చేరింది. అక్కడ ఒక కారు వల్ల అంటుకుంది, మంట వెనక్కి ట్యాంకు దాకా వచ్చింది. చనిపోయినవాళ్లు 18 మంది, వాళ్లలో మంటలార్పడానికి వచ్చిన సిబ్బందీ ఉన్నారు.

కాబట్టి మొదటి విన్నపం: సైట్ ప్లానులో నేల ఎత్తుపల్లాలు, కాలువలు, మూతలు, సెల్లార్ వెంటిలేటర్లు చూపించకపోతే ఫైలు వెనక్కి పంపండి. వాలు ఎలా ఉండాలంటే, కారిన ద్రవం ట్యాంకు కింద మడుగు కట్టకూడదు, పక్కనున్న కాలువలోకీ పోకూడదు. ట్యాంకు కిందే మడుగు కట్టి అంటుకుంటే మంట నేరుగా ఉక్కును తాకుతుంది. లోపల ద్రవం లేని పైభాగానికి ఆ సెగ తగిలితే లోహం మెత్తబడి ట్యాంకు పగిలిపోతుంది. లోపలి ఒత్తిడిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు ఎంత గట్టిగా అరిచినా దాన్ని ఆపలేదు.

చూడటానికి బాగుంటుందని నాలుగు వైపులా ఎత్తైన గోడ కట్టమంటారు చాలామంది యజమానులు. సెక్యూరిటీకీ మంచిదే కదా అంటారు. కాదండీ. నాలుగు గోడల మధ్య గ్యాస్ చెదిరే వీలు ఉండదు. జాలీ కంచె మేలు. లోపలివాళ్లు తప్పించుకోవడానికి ఎదురెదురుగా రెండు గేట్లుంటే ఇంకా మేలు.

ఇక గ్యాస్ తెచ్చి ట్యాంకు నింపే టాంకర్ లారీ సంగతి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం టెన్షన్ అంతా ఇక్కడే. ట్యాంకు ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుంటుంది. హోస్ తగిలించి గ్యాస్ దించే ఆ కాసేపట్లోనే మనుషుల చేతులు, కప్లింగులు, వాహనం కదలికలు అన్నీ కలుస్తాయి. పైగా టాంకర్‌లో ఉండే సరుకు చాలాసార్లు కింద ట్యాంకులో పట్టేదానికంటే ఎక్కువ. అయినా దూరాలన్నీ ట్యాంకు నుంచే కొలుస్తాం! టాంకర్ ఆగే చోటును డ్రాయింగులో గీయమనండి. అక్కడి నుంచి కూడా కొలవమనండి. ఏదైనా జరిగితే డ్రైవరు రివర్స్ తీసుకోకుండా ముందుకే వెళ్లిపోగలగాలి. గ్యాస్ దించుతున్నంతసేపూ ట్యాంకు అతని కంటికి ఆనాలి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ ట్యాంకు పక్కనే ఒక్కటి ఉంటే, మంటలోకి వెళ్లి నొక్కేవాళ్లెవరు? బయటికి పరుగెత్తే దారిలో ఇంకొకటి ఉండాలి.

కరెంటు తీగలు పైనుంచి పోకూడదని, ఎండుగడ్డి పెరగనివ్వకూడదని, వాహనాలు గుద్దకుండా స్తంభాలు పాతాలని మీకు చెప్పక్కర్లేదు. వరద వచ్చే చోటు గురించి మాత్రం ఒక మాట. ద్రవ ఎల్పీజీ బరువు నీటిలో దాదాపు సగం. అందుకే నిండు ట్యాంకు కూడా వరదలో తేలి, పైపులు తెంపుకుని కొట్టుకుపోగలదు. ఎత్తైన చోటు దొరక్కపోతే కాంక్రీటుకు గట్టిగా బిగించిన లంగర్ల లెక్క చూపించమనండి. భూమిలో పూడ్చిన ట్యాంకుకు బయటి మంట సెగ తగలదు, నిజమే. కానీ భూగర్భ నీరు పైకి వస్తే దాన్నీ నీరు ఎత్తేస్తుంది, తుప్పు సమస్య సరేసరి.

ఇంకో చిక్కు కూడా ఉంది. సహజవాయువుకీ ఎల్పీజీకీ ఒకే చెక్‌లిస్టు వాడేస్తున్నారు. సహజవాయువులో ఎక్కువగా ఉండేది మీథేన్. మీథేన్ బరువు గాలిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. అది పైకి లేచి కప్పు కింద, కెనోపీ మూలల్లో చేరుతుంది. ఎల్పీజీకి కాలువ ఎంత భయమో, దీనికి మూసుకుపోయిన పైకప్పు అంత భయం. మైనస్ 162 డిగ్రీల దగ్గర ద్రవంగా దాచే సహజవాయువు, అంటే ఎల్‌ఎన్‌జీ, ఒలికితే మళ్లీ కథ వేరు: చల్లగా ఉన్నంతసేపూ దాని ఆవిరి కూడా నేల మీదే పాకుతుంది. ఏ ఇంధనమో రాయని ఫారానికి విలువ లేదు.

చివరిగా, అనుమతి ఇచ్చిన రోజున ఖాళీగా ఉన్న పక్క స్థలం. 1984 నవంబరు 19న మెక్సికో సిటీ శివార్లలోని శాన్ హువానికోలో ఎల్పీజీ టెర్మినల్ పేలినప్పుడు సుమారు 500 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఇళ్లలో ఉన్నవాళ్లే. జనావాసం టెర్మినల్‌కు అంత దగ్గరగా పెరిగిపోయింది. ట్యాంకు యజమాని దూరం పాటించినా, పక్కవాడు ఆ దూరంలోకి వచ్చి ఇల్లు కట్టుకుంటే ఆపే అధికారం అతనికి లేదు. అది ప్రభుత్వానికే ఉంది. మీరు ఎల్పీజీకి అనుమతి ఇచ్చిన ప్రతి స్థలాన్నీ భవన అనుమతులిచ్చే విభాగం మ్యాపులో గుర్తించండి. ఆ దూరం లోపల కొత్త ఇల్లో, బడో కట్టడానికి దరఖాస్తు వస్తే వాళ్లు మిమ్మల్ని అడగాలి. లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు పాత డ్రాయింగు మీద మళ్లీ సంతకం పెట్టకుండా, చుట్టూ ఏం మారిందో ఎవరినైనా పంపి చూడమనండి. వర్షం పడుతున్నప్పుడు పంపితే ఇంకా మంచిది. నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తే గ్యాస్ దారి సగం అర్థమవుతుంది.

ఇట్లు,
గ్యాస్ పైపింగ్ డ్రాయింగులు గీసే ఒక ఇంజనీరు