2147483647ని ఎవరు భాగించి చూశారు?

అమ్మలూ,

2147483647 ప్రధాన సంఖ్య అని పుస్తకంలో చదివి, "అన్నిటితో భాగించి చూశారా నాన్నా?" అని అడిగావు. ఊరికే నమ్మేయకుండా అడిగినందుకు చాలా సంతోషం వేసింది. ఫోన్‌లో చెబితే సగమే బుర్రకెక్కుతుందని రాస్తున్నాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదువు.

31 రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఇది: 2³¹ − 1. ఇది ప్రధాన సంఖ్యే అని 1772లో తేల్చినవాడు గణిత శాస్త్రవేత్త ఆయిలర్. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు దీనికంటే పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియదు.

వర్గమూలం దాకా చూస్తే చాలని నీకు తెలుసు కదా. ఇక్కడ అది 46,340. అంతలోపు ప్రధాన సంఖ్యలు 4,700కు పైగా ఉన్నాయి. చేత్తో అన్ని భాగహారాలంటే మాటలా! ఆయిలర్‌కు అంత అవసరం పడలేదు. ఎందుకో చూడు, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

q అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకుందాం. 2, 4, 8, 16 అంటూ 2 ఘాతాలను వరసగా qతో భాగించి శేషాలు రాసుకుంటూ పో. 31వ ఘాతం దగ్గర శేషం 1 వస్తుంది, అక్కణ్ణుంచి శేషాలు మళ్లీ మొదటికొస్తాయి. 31 ప్రధాన సంఖ్య కాబట్టి అంతకంటే ముందే 1 రావడం కుదరదు. ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం q − 1వ ఘాతం దగ్గర కూడా శేషం 1 రావాలి. శేషం 1 వచ్చేది 31 గుణిజాల దగ్గరే, అంటే q − 1ని 31 భాగించాలి. q బేసి సంఖ్య కాబట్టి 62 కూడా భాగించాలి. దీనికి తోడు, qను 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ వచ్చి తీరాలి. దీని రుజువు కొంచెం పెద్దది, నువ్వు వచ్చినప్పుడు కలిసి చేద్దాం.

ఈ రెండు షరతులూ కలిపితే 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చే ప్రధాన సంఖ్యలే మిగులుతాయి. 46,340 లోపు అలాంటివి వంద కూడా ఉండవు! వాటిలో ఏదీ భాగించలేదు. మిగతా వేల సంఖ్యలను ముట్టుకోకుండానే పక్కన పెట్టేశాడన్నమాట. అది ఊహ కాదు, పక్కా రుజువు.

ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే చాలనుకునేవు. 2¹¹ − 1 అంటే 2047, అది 23 × 89. అయితే ఆ రెండిటినీ 22తో (11కు రెట్టింపు) భాగించి శేషం చూడు, 1 వస్తుంది. 2024లో దొరికిన ప్రధాన సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో నాలుగు కోట్ల పైచిలుకు అంకెలున్నాయి. అంత పెద్దవాటికి వేరే పరీక్ష, కంప్యూటర్లు కావాలి, అయినా ముందు వడపోత మాత్రం ఇలాంటి షరతులతోనే.

ఇప్పుడు నీ వంతు. 2²⁹ − 1 విలువ 536870911. ఇది ప్రధాన సంఖ్య కాదు. 58తో భాగిస్తే శేషం 1 వచ్చేవాటిని వరసగా రాసుకుని, 8 షరతుతో వడకట్టు. కాలిక్యులేటర్ వాడినా ఫరవాలేదు. మొదటి కారణాంకం దొరకగానే ఫోన్ చెయ్యి.

నాన్న