ప్రోగ్రామింగ్‌ను లెక్కల పీరియడ్‌లోకి తీసుకురండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

బడిలో ప్రోగ్రామింగ్ అంటే సింటాక్స్ (కోడ్ రాసే నియమాలు) బట్టీపట్టి కాగితం మీద అప్పజెప్పడమే అయిపోయింది. ఒకే పనిని పదేపదే చేయించే ఫర్ లూప్ నిర్వచనం గడగడా చెప్పే విద్యార్థికి ఆ లూప్‌తో ఏ లెక్క తేల్చవచ్చో తెలియదు. ప్రోగ్రామింగ్‌ను గణితం, భౌతికశాస్త్రం పాఠాల్లో భాగంగానే నేర్పించాలని మా విన్నపం.

అవకలజం (ఒక విలువ ఎంత వేగంగా మారుతుందో చెప్పే కొలత) పాఠమే తీసుకోండి. 1 రేడియన్ దగ్గర సైన్ అవకలజం 0.5403. రెండు దగ్గరి బిందువుల వద్ద సైన్ విలువల తేడాను ఆ బిందువుల మధ్య అంతరంతో భాగించాలన్న నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు కోడ్‌గా రాస్తే నాలుగు లైన్లు. అంతరం 0.1 ఇస్తే 0.4974 వస్తుంది, 0.01 ఇస్తే 0.5361. అంతరం తగ్గేకొద్దీ జవాబు మెరుగవుతుందన్న పాఠం సుమారు 10⁻⁸ వరకూ నిలుస్తుంది. అక్కడి నుంచి జవాబు మళ్లీ చెడుతుంది, 10⁻¹⁶ దగ్గర ఏకంగా సున్నా! కంప్యూటర్ సాధారణంగా దశాంశ సంఖ్యలను దాచుకునే డబుల్ ప్రెసిషన్ పద్ధతిలో నిలిచేవి దాదాపు 16 అంకెలే. రెండు దగ్గరి సంఖ్యల్లో ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేస్తే సరైన అంకెలు రద్దయిపోయి, గుండ్రం చేసినప్పటి దోషం పైకి తేలుతుంది. 10⁻¹⁶ను 1కి కలిపినా అది 1గానే ఉండిపోతుంది. ఇది ఒకసారి కళ్లారా చూసిన విద్యార్థి కంప్యూటర్ ఇచ్చిన అంకెను గుడ్డిగా నమ్మడు.

రేడియోధార్మిక క్షయానికి ఆయిలర్ పద్ధతి చాలు: కాలాన్ని చిన్న అడుగులుగా విడగొట్టి, ఒక్కో అడుగులో వచ్చే మార్పును కలుపుకుంటూ పోవడమే. క్షయ స్థిరాంకం 1, మొదటి పరిమాణం 1, కాలం 1 అనుకుంటే 0.1 అడుగుతో 0.3487, 0.05 అడుగుతో 0.3585 వస్తాయి. అసలు విలువ 0.3679. అడుగు సగమైతే దోషమూ దాదాపు సగమైంది. అసలు జవాబు తెలియని లెక్కలోనూ అడుగును సగం చేసి చూడటమే మొదటి పరీక్ష కావాలి.

చిన్న పొరపాట్లూ ఉంటాయి. కోణాన్ని రేడియన్లలో తీసుకునే సైన్ ఫంక్షన్‌కు 30 డిగ్రీలను రేడియన్లలోకి మార్చకుండా ఇస్తే 0.5 బదులు −0.988 వస్తుంది. ఎర్రర్ మెసేజ్ ఏదీ రాదు. అందుకే చేత్తో చేయగల చిన్న లెక్కతో ముందు సరిచూసుకోవడం తప్పనిసరి చేయాలి.

మూల్యాంకనం మారకపోతే ఇదంతా రికార్డు పుస్తకాల్లో మగ్గిపోతుంది. పరీక్ష కంప్యూటర్ మీదే పెట్టండి. సగం మార్కులు ప్రోగ్రామ్‌కు, మిగతా సగం ‘ఈ జవాబులో ఎన్ని అంకెలు నమ్మవచ్చు, ఎందుకు?’ అన్న ప్రశ్నకు కేటాయించండి. శిక్షణ కంప్యూటర్ టీచర్లతో ఆపకుండా లెక్కల, సైన్స్ టీచర్లకూ ఇవ్వండి. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. పై లెక్కలన్నీ పాత కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో క్షణంలో నడుస్తాయి.

ఇట్లు,
గణితం, సైన్స్, ప్రోగ్రామింగ్ బోధకులు